ఊపిరిలో సున్నా

పొద్దున లాబ్‌లో అడుగుపెట్టగానే నేను చేసే మొదటి పని ఒక గ్లాసుడు పుల్లటి నీళ్ళు తాగడం. అరగంట ఆగి ఒక ప్లాస్టిక్ సంచిలోకి గట్టిగా ఊదుతాను. సంచిని మిషన్‌కి తగిలిస్తే అది కాసేపు గురక పెట్టి, తెర మీద ముప్ఫైకి అటూ ఇటూగా ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె వచ్చిందంటే మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నేను లేనట్టు.

ఆ నీళ్ళలో యూరియా కలుపుతాం. పొలంలో చల్లేది కాదు, బరువైన కార్బన్‌తో ప్రత్యేకంగా తయారుచేసినది. కడుపులో పైలోరి అనే సూక్ష్మజీవి కాపురం ఉంటే అది ఈ యూరియాను ముక్కలు చేస్తుంది. అప్పుడు విడిపోయిన బరువు కార్బన్ రక్తంలో కలిసి, ఊపిరితో బయటికొస్తుంది. మిషన్ పట్టుకునేది దాన్నే. పైలోరి లేనివాళ్ళు ఎంత ఊదినా సున్నానే. కడుపులో పుండ్లు పెట్టేదీ, కొందరికి ముదిరి కేన్సర్‌కి దారితీసేదీ ఈ పైలోరియే కాబట్టి, మా దగ్గర సున్నా వచ్చినవాళ్ళకి ఆ రోజు పండగ.

మిషన్ సరిగా పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవాలంటే కచ్చితంగా పైలోరి ఉన్న మనిషి ఒకరు కావాలి. కిరాణా కొట్టు తక్కెడకి పడికట్టు రాయి ఎలాగో, మా మిషన్‌కి నేనలాగ. మందు వేసుకుంటే పోయే జబ్బే. ప్రయోగాలు అయ్యాక వేసుకుంటానని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తూ వచ్చాను. మా లాబ్ పెద్ద డాక్టర్ పరాంకుశం గారు నవ్వేవారు. "ఎస్తేరమ్మా, పొద్దున్నే యూరియా పోసి మేపుతున్నావు. నీ కడుపులో ఉన్నది సూక్ష్మజీవి కాదు, పాడిగేదె" అనేవారు.

నాకు మాత్రం దాని మీద నవ్వు రాదు. అది మా నాన్న ఇచ్చింది. నన్ను కని మా అమ్మ చనిపోతే, గుంటూరు మిర్చి యార్డులో కాటా వేసే మా నాన్నే అన్నం నమిలి నా నోట్లో పెట్టి పెంచాడు. పైలోరి పసిపిల్లలకి అలాంటి ఎంగిలి ముద్దలతో కూడా ఎక్కుతుంది. నేను డాక్టరునయ్యేసరికి ఆయన కడుపులో గడ్డ ముదిరిపోయింది. చివర్లో మంచినీళ్ళు కూడా దిగేవి కావు. ఈ ప్రాణిని భూమ్మీద లేకుండా చెయ్యాలని ఆయన మంచం పక్కన కూర్చునే నిశ్చయించుకున్నాను.

అందుకు మేము తయారుచేసిన ఆయుధం పెరుగు. పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవినే తీసుకుని, పైలోరిని కడుపులోంచి వెళ్ళగొట్టేలా దాన్ని మార్చాం. పేరు కవచం. పని అయిపోయిన కొన్నాళ్ళకి అదే చచ్చిపోయేలా కట్టడి చేశాం. ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళకి ఏ రోజు పెరుగు ఆ రోజే లాబ్‌లో తోడుపెట్టి, కప్పులో పోసి, నర్సు ఎదురుగా తినిపించేవాళ్ళం. మా అత్తయ్య మార్తమ్మ కూడా ఒప్పుకున్నవాళ్ళలో ఉంది. కడుపులో మంటతో సగం జీవితం సోడాలు తాగి బతికిన మనిషి. ప్రయోగం అయ్యాక సంచిలోకి ఊదితే తెర మీద సున్నా వచ్చింది. ఆవిడ కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

మేముండేది ఊరి శివార్లలో, మిర్చి కోల్డ్ స్టోరేజీల వెనకున్న సిలోయం కాలనీలో. గాలి వీస్తే కళ్ళు మండుతాయి. కాలనీలో అందరివీ కారం తినే నాలుకలే, అందరివీ మండే కడుపులే. కిందటేడు చర్చి హాల్లో ఉచిత శిబిరం పెట్టి అందరి చేతా ఊదిస్తే, పెద్దవాళ్ళలో సగానికి పైగా పైలోరి తేలింది.

మా ఇంట్లో పెత్తనమంతా అత్తయ్యదే. ఆవిడకి ప్రభువు తర్వాత శుభ్రమే దేవుడు. మంచినీళ్ళు గ్లాసు పైకెత్తి పోసుకుంటుంది కానీ పెదవి తగలనివ్వదు. ఏడేళ్ళ మా కెజియా కొరికిన జామకాయ నాకు ఇవ్వబోతే, "ఛీ, ఎంగిలి! మీ అమ్మ కడుపులో పురుగుంది, తెలవదా?" అని చెయ్యి వెనక్కి లాగేది. ఆ మాటకి నేను నొచ్చుకున్నా, మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆవిడ కాపలా వల్లే నా పైలోరి నా బిడ్డకి ఎక్కలేదు.

ఇంకొక విషయంలో మాత్రం ఆవిడ నన్ను వదిలేది కాదు. నాకు పెరుగు వాసన పడదు. "లోకానికంతా పెరుగు పోస్తావు, నువ్వు మాత్రం ముట్టవు. ఏం డాక్టరువే నువ్వు?" అని భోజనాల దగ్గర ఎత్తిపొడిచేది. మా ఆయన సాగర్, బడిలో డ్రాయింగు మాస్టారు, ఆ మాటకి నవ్వుతూ ఇంకో గరిటె పెరుగు వడ్డించుకునేవారు.

శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టర్ ముందు వచ్చే ఆ రోజుల్లో మా కాలనీలో పెద్దవాళ్ళంతా పగలు ఉపవాసం ఉండి, సాయంత్రం ప్రార్థన అయ్యాక మజ్జిగతో విడుస్తారు. ఏటా రెండో వారానికే మొహాలు పీక్కుపోయి, ఒకరి మీద ఒకరు కసురుకుంటూ ఉంటారు. ఈసారి అదేమీ లేదు.

"ఈ ఏడు ఉపవాసం ఎంత తేలిగ్గా ఉందో చూడవే" అంది అత్తయ్య ఒక సాయంత్రం. "ఆకలన్నదే తెలవడం లేదు. అంతా కృప."

"కాలనీలో అందరూ అదే మాటంటన్నారు" అన్నారు సాగర్. "పాస్టర్ గారు కూడా అన్నారు, జనంలో భక్తి పెరిగిందని."

నేను సంతోషించాను. కాస్త అసూయ కూడా పడ్డాను. ఎందుకంటే నాకు మధ్యాహ్నానికల్లా కడుపులో పేగులు అరిచేవి, చాటుగా ఒక అరటిపండు తినేసేదాన్ని. కెజియా కూడా నాన్నమ్మతో పాటు ఉంటానని పంతం పట్టింది. పిల్లలకి ఉపవాసం లేదని చెప్పినా బడిలో డబ్బా మూత తియ్యకుండా తెచ్చేది. సాయంత్రం ఇంత పెరుగన్నం తిని పడుకునేది. "భక్తురాలు బయల్దేరింది" అని నేనే వేళాకోళం చేశాను.

ఆ రోజుల్లోనే జెకర్యా మాస్టారు పోయారు. పక్క వీధిలో ఉండే పెద్దాయన. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఉపవాసంలో ప్రభువు పిలుచుకున్నాడు, ధన్యజీవి అన్నారు అందరూ. నేను నాడి చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలు కనిపించాయి. వయసు కదా అనుకున్నాను.

ఈస్టర్ రోజు ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో విందు. ఉపవాసాల తర్వాత వచ్చే విందు కాబట్టి ఏటా అక్కడ తోపులాటే. గుండిగల మూతలు తియ్యకముందే పిల్లలు కంచాలు వాయిస్తారు, పెద్దవాళ్ళు ముక్కల కోసం వడ్డించేవాళ్ళని బతిమాలుతారు. ఈసారి బిర్యానీ వాసన ఆవరణంతా కమ్మేసింది. నాకు నోరూరింది. చుట్టూ చూశాను.

ఎవరూ తొందరపడటం లేదు. బల్లల ముందు కొత్త బట్టల్లో బుద్ధిగా కూర్చున్నారు. వడ్డించినవాళ్ళు వడ్డించారు. పాస్టర్ గారు అన్నం ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. ఒక ముద్ద కలిపారు. కొందరు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు, మింగలేదు. కొందరు వేళ్ళతో అన్నం అటూ ఇటూ జరుపుతూ కబుర్లలో పడ్డారు. నవ్వుతున్నారు కూడా. ఆవరణలో తింటున్న చప్పుడు నా ఒక్కదాని నోట్లోంచే వస్తోంది.

నా చెయ్యి ఆగిపోయింది. పక్కనున్న సాగర్ వైపు చూశాను. చొక్కా కాలర్‌కీ మెడకీ మధ్య నా పిడికిలి పట్టేంత ఖాళీ. రోజూ చూసే మొహమే, నేను చూడలేదు. అత్తయ్య గాజులు మోచేతి దాకా జారాయి. కెజియా కొత్త గౌను భుజం మీద నిలబడక పిన్నీసు పెట్టారు. అది కంచం నా వైపు జరిపి, "నువ్వు తినమ్మా. నీకింకా ఆకలేస్తందిగా" అంది.

కాలనీ అంతటికీ ఒకేసారి ఆకలి చచ్చిందంటే కారణం వాళ్ళ కడుపుల్లోనే ఉండాలి.

మర్నాడే మిషన్‌ని కారులో వేసుకుని చర్చి హాలుకి తెచ్చాను. కొత్త మాత్రల పరీక్ష అని చెప్పి కాలనీ పెద్దవాళ్ళందరి చేతా నీళ్ళు తాగించాను. ఒక్కొక్కరే వచ్చి సంచిలోకి ఊదారు. సున్నా. సున్నా. సున్నా. కిందటేడు నలభై చూపించిన సైకిల్ షాపు దానియేలుకి సున్నా. పుండుతో రక్తం కక్కిన పాస్టర్ గారి భార్యకి సున్నా. ఎవరికీ ఏ మందూ ఇవ్వలేదు నేను.

"అందరికీ తగ్గిపోయిందమ్మా డాక్టరమ్మా! స్తోత్రం!" అని చప్పట్లు కొట్టారు.

మిషన్ పాడైందేమోనన్న ఆశ ఒక్కటే మిగిలింది. గ్లాసు నీళ్ళు తాగి, ఆగి, నేను ఊదాను. ముప్ఫై రెండు. మిషన్ బాగానే ఉంది. ఈ కాలనీలో పైలోరి మిగిలింది నా ఒక్కదాని కడుపులోనే. అంటే మిగతా అందరి కడుపుల్లోకీ కవచం దూరింది. కవచానికి యూరియాతో పని లేదు. దాని ఊపిరి ఏ మిషన్‌కీ చిక్కదు. అది ఉన్నచోట కనిపించేది సున్నా ఒక్కటే.

ఇంటికి పరిగెత్తాను. అత్తయ్య వంటింట్లో పాలు తోడుపెడుతోంది.

"అత్తయ్యా, లాబ్‌లో పెట్టిన పెరుగు మీరు మొత్తం అక్కడే తిన్నారా?"

ఆవిడ చెంచా పట్టుకుని ఆగింది. "తిన్నా. ఎందుకట్టా అడుగుతున్నావ్?"

"ఒక్క చెంచా కూడా ఇంటికి తేలేదా?"

"ఒక్క చెంచాకి ఏమైందే ఇప్పుడు? అంత కమ్మటి గడ్డపెరుగు నా జన్మలో చూళ్ళా. మన ఇంట్లో తోడు పులిసిపోయింది. మాత్రల డబ్బా ఖాళీగా ఉంటే దాంట్లో ఓ చెంచాడు తీసుకొచ్చా, తోడుకి." నా మొహంలో ఏదో చూసి గొంతు పెంచింది. "ఎంగిలి చెయ్యలేదమ్మాయ్! నేను నోట్లో పెట్టుకోకముందే తీశా. ఆ నర్సు అటు తిరగ్గానే తీశా. అంత తెలవందాన్నా?"

"ఎవరికైనా ఇచ్చారా ఆ తోడు?"

"అడిగితే ఇవ్వరా ఏంది? తోడు ఇవ్వనన్న ఇల్లు బాగుపడుద్దా? కాలనీ అంతా మన తోడే. దానియేలు చెల్లెలు చీరాలకి కూడా పట్టుకెళ్ళింది."

పాలగిన్నె, తోడు గిన్నె రెండూ పొయ్యి మీదికి ఎత్తి, అంతా పొంగి విరిగేదాకా మరగబెట్టాను. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. విషయం చెప్పాను. చెప్పులేసుకుని ఇంటింటికీ తిరిగింది. తానిచ్చిన తోడు తానే అడిగి వెనక్కి తెచ్చి, నా ముందు పెట్టి మరగబెట్టించింది. ఇచ్చిన తోడు వెనక్కి అడగడం ఆవిడకి ఎంత తలవంపో నాకు తెలుసు.

మరగబెట్టకముందు నేను తీసిపెట్టిన పెరుగు చుక్కని పరాంకుశం గారు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. మేము ఏనాడూ తోడు మీద తోడు వెయ్యలేదు. ఆవిడ వేసింది. ఇళ్ళలోని పాత పెరుగు సూక్ష్మజీవులతో కలిసి, ఒక తోడు నుంచి ఇంకో తోడుకి తరాలు మారుతూ, కవచం చావడం మర్చిపోయింది.

"కడుపులో ఆమ్లం ఊరితే దానికి చావు" అన్నారాయన. "ఆకలేస్తే ఆమ్లం ఊరుతుంది. అందుకని అది ఆకలినే నిద్రపుచ్చుతోందమ్మా. ఆకలితో పాటు కడుపుని కూడా."

కాలనీని లాబ్ పక్కనున్న ఆసుపత్రికి తరలించారు. ఆ తోడు వెతుకుతూ చీరాలకి మనుషులు వెళ్ళారు. అందరి మంచాలకీ సెలైన్ సీసాలు వేలాడదీశాం. ఎవరికీ బాధ లేదు. అదే నాకు భయం. నొప్పి ఉంటే ఏడుస్తారు, అరుస్తారు, పోట్లాడతారు. వీళ్ళు కడుపునిండినవాళ్ళలా చల్లగా పడుకుని ఎండిపోతున్నారు. ముక్కులోంచి గొట్టం వేసి గంజి పంపితే, కాసేపాగి పంపింది పంపినట్టే బయటికి వచ్చేస్తోంది. యాంటీబయోటిక్స్ అన్నీ వాడి చూశాం. కవచం కడుపు జిగురులో దాక్కుని అలాగే ఉంది.

పెద్దవాళ్ళకి ఒంట్లో కాస్త నిల్వ ఉంది. కెజియాకి అదీ లేదు. మణికట్టు పట్టుకుంటే నా వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. దాని పక్క మంచం అత్తయ్యది. ఆవిడ అటు తిరిగి పడుకునేది, మనవరాలి మొహం చూడలేక.

ఒక ఉదయం పరాంకుశం గారు నన్ను లాబ్‌లోకి పిలిచి గాజు పళ్ళేలు చూపించారు. ఒక్కో పళ్ళెంలో కవచం మీదికి ఒక్కో రకం పైలోరిని వదిలారు. మేము ఏళ్ళుగా లాబ్‌లో పెంచినవి, రోగుల నుంచి తీసి దాచినవి. కవచం అన్నింటినీ తినేసింది. ఒక్క పళ్ళెంలో మాత్రం కవచం వెనక్కి తగ్గి, చుట్టూ ఖాళీ వలయం ఏర్పడింది.

"ఇది ఎవరిది సార్?"

ఆయన నా వైపు చూడలేదు. "నీది. మొన్న గొట్టం వేసి నీ కడుపులోంచి తీసిన కండ ముక్కలోది."

అర్థం కావడానికి నాకు క్షణం పట్టలేదు. పైలోరి యూరియాను ముక్కలు చేసినప్పుడు కార్బన్‌తో పాటు అమ్మోనియా కూడా వస్తుంది. ఏళ్ళ తరబడి పొద్దున్నే యూరియా తాగి మేసిన నా పైలోరి, మిగతావాటికంటే ఎన్నో రెట్లు అమ్మోనియా కక్కడం అలవాటు చేసుకుంది. కవచం దాని ముందు నిలవలేకపోయింది.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి" అన్నారాయన. "ఇంత బలిసిన పైలోరిని నేనెప్పుడూ చూడలేదు. పాపకి ఎక్కితే కవచం పోతుంది. కానీ ఇది ఉంటుంది. మందులకి లొంగుతుందో లేదో చెప్పలేను. పుండ్లు పెడుతుంది. తర్వాత..."

"తర్వాత సంగతి నాకు తెలుసు సార్. మా నాన్నని నేనే చూసుకున్నాను."

నా పైలోరిని గొట్టంతో పంపి చూశాం. కెజియా కడుపు దాన్ని కూడా కక్కేసింది. ఇక మిగిలింది ఒకటే దారి. నాకు తేన్పులతో పాటు కడుపులోది నోట్లోకి వస్తూనే ఉంటుంది. నమిలిన ముద్దలో కలిసి పిల్ల నోట్లోకి వెళ్తే, పళ్ళ సందుల్లో దాక్కుని, ఉమ్మితో పాటు కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. మా నాన్న నుంచి నాకు దిగినట్టే.

సాగర్ వార్డు బయట నన్ను ఆపేశారు. ఆయనా సెలైన్ సీసా చేత్తో పట్టుకునే నిలబడ్డారు.

"మతుండే మాట్లాడుతున్నావా ఎస్తేరూ? మీ నాన్న ఎట్టా పోయాడో నువ్వే చెప్పావు గదా. అదే రోగాన్ని దాని నోట్లో పెడతావా?"

"పెట్టకపోతే ఏమవుద్దో మీరు చూడట్లేదా?"

"ఇంకేదైనా మందు దొరుకుద్దేమో. నాలుగు రోజులు ఆగుదాం."

"నాలుగు రోజులు ఆగేది మనమండీ. అది ఆగదు."

ఆయన సీసా పట్టుకున్న చెయ్యి దించేశారు. గొట్టంలోకి రక్తం ఎదురెక్కింది. నేను ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ పైకెత్తాను. ఆయన తలుపుకి అడ్డు తప్పుకున్నారు కానీ సరేననలేదు. ఇప్పటికీ అనలేదు.

మెత్తగా ఉడికించిన అన్నంలో కాస్త పప్పు, చుక్క నెయ్యి వేసుకుని కెజియా మంచం మీద కూర్చున్నాను. ఒక ముద్ద నా నోట్లో పెట్టుకుని నమిలాను. నాన్న నమిలేటప్పుడు కళ్ళు ఎగరేస్తూ నన్ను నవ్వించేవాడని మా మేనత్త చెప్పేది. నాకు కళ్ళు ఎగరెయ్యడం చేతకాలేదు. నోరు తెరవమని నా బిడ్డని ప్రాధేయపడుతూ, విషం నములుతున్నాను. నమిలింది వేలి కొస మీదికి తీసి దాని పెదవుల దగ్గర పెట్టాను.

కెజియా మొహం తిప్పుకుంది. "ఎంగిలమ్మా. నాన్నమ్మ తిడుద్ది."

పక్క మంచం మీద అత్తయ్య కదిలింది. ఇటు తిరగలేదు. గోడవైపు మొహం పెట్టుకునే అంది. "తినవే తల్లీ. మీ అమ్మది ఎంగిలి కాదు."

బిడ్డ నోరు తెరిచింది. మింగమని బలవంతం చెయ్యలేదు. నాలుక మీద, చిగుళ్ళ మీద వేలితో రాశాను. పూటపూటా అదే పని. దానికి ఆకలి లేదు, నా మీద జాలితో నోరు తెరుస్తోంది. నా బతుకంతా మనుషుల చేత సంచిలోకి ఊదించి సున్నా రావాలని కోరుకున్నదాన్ని. ఇప్పుడు పొద్దున్నే నా కూతురి పెదవుల మధ్య గొట్టం పెట్టి, సున్నా రాకూడదని ప్రార్థించాను. మిషన్ గురక పెట్టి ఆగేది. సున్నా. మర్నాడు సున్నా. ఆ తర్వాత కూడా సున్నా. దాని ఊపిరికి సంచి సగం కూడా నిండని రోజు వచ్చింది. ఇద్దరు నర్సులు నా మొహం చూడకుండా సంచి మార్చి తెచ్చారు.

ఆ మధ్యాహ్నమే దానియేలు మంచం ఖాళీ అయింది. దుప్పటి తీసేసి పరుపు ఎండలో పెట్టారు. వార్డులో ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి కాబోలు.

తర్వాతి ఉదయం కెజియా చేత ఊదించి, సంచి మిషన్‌కి తగిలించి, తెర వైపు వీపు పెట్టి కూర్చున్నాను. చూసే ధైర్యం లేదు. మిషన్ గురక ఆగింది. పరాంకుశం గారు మెల్లగా "ఎస్తేరమ్మా" అన్నారు.

తిరిగి చూశాను. ఆరు.

ఆరు అంటే చిన్న అంకె. మా నాన్న అంకె కూడా ఏదో ఒక రోజు ఆరుతోనే మొదలై ఉంటుంది. ఆ రోజంతా ముద్దలు నములుతూనే ఉన్నాను. మర్నాటికి పదిహేను దాటింది. ఆ సాయంత్రం నేను గిన్నె కడుగుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"అమ్మా. కడుపులో ఏదో అవుతంది."

గిన్నె కింద పడేసి వెళ్ళాను. కెజియా రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉంది. మొహం చిట్లించింది. దాని కళ్ళలో అన్నాళ్ళ తర్వాత ఒక చిరాకు, ఒక కోపం.

"నొప్పా తల్లీ?"

"నొప్పి కాదు. కాలతంది. ఖాళీగా ఉంది." వెతుక్కుని వెతుక్కుని ఆ మాట పట్టుకుంది. "ఆకలేస్తందమ్మా. ఎక్కువేస్తంది. అన్నం పెట్టు."

నేను దాన్ని హత్తుకుని పెద్దగా ఏడ్చాను. పిల్ల మాత్రం నన్ను తోసేస్తోంది. "ఏడవమాకమ్మా, ముందు అన్నం పెట్టు" అని గింజుకుంటోంది. ఆ ఆకలి ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎన్నాళ్ళకి ఏం చేస్తుందో నాకు తెలుసు. నా చేతులతోనే నా తండ్రి చావుని నా కూతురి కడుపులో పెట్టాను. కలిపిన అన్నం గబగబా తింటుంటే, మెతుకులు దాని గడ్డం మీద అంటుకుంటే, తుడవడానికి కూడా నా చెయ్యి లేవలేదు.

"ఎస్తేరూ."

అత్తయ్య ఇటు తిరిగింది. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. జన్మలో గ్లాసు అంచుకి పెదవి తగలనివ్వని మనిషి మనవరాలు తినడాన్ని కళ్ళార్పకుండా చూస్తోంది. తర్వాత నా వైపు చూసింది.

"నాకూ ఓ ముద్ద నమిలి పెట్టవే."

నేను కంచం తీసుకుని ఆవిడ మంచం మీద కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. ఆవిడ వెనక, వార్డు చివరిదాకా, మంచాల మీద ఒక్కొక్కరే మోచేతుల మీద లేచి నా నోటివైపు చూస్తున్నారు. వాళ్ళందరికీ నేను ఏం పెట్టబోతున్నానో వాళ్ళకి చెప్పాలి. నోట్లో ముద్ద ఉంది. నేను నములుతూనే ఉన్నాను.